ఉజ్వల రాసిన ఇల్లు

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక గల్లీలో ఒక పాత కాంప్లెక్సు ఉంది. దాని సెల్లార్‌లో మెట్లు దిగగానే ఎడమచేతి వైపు మూడో షట్టరు నాది. బోర్డు మీద ఇప్పటికీ రేడియో, టీవీ రిపేర్లు అనే ఉంటుంది గాని, పదేళ్లుగా నేను చేసేది పాత కంప్యూటర్ల పని. టీవీకి తగిలించుకుని, టేపురికార్డరులో క్యాసెట్ పెట్టి ప్రోగ్రాం ఎక్కించుకునే రకం. ముప్పై నలభై ఏళ్ల కిందటి సరుకు. వాటిని పారేయలేక అటక మీద దాచుకున్నవాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు. ఒకరు చెబితే ఇంకొకరు నన్ను వెతుక్కుంటూ వస్తారు.

ఈ పని నాకు నేర్పింది మా ఉస్తాద్ బిచ్చయ్య. పదహారేళ్లప్పుడు జనగామ నుంచి వచ్చి ఆయన దగ్గర చేరాను. పెళ్లాం బిడ్డలు లేని మనిషి. నన్ను 'మల్లిగా' అని పిలిచేవాడు. ఆ పేరుతో నన్ను పిలిచింది ఆయనొక్కడే. ఏడేళ్ల కిందట ఒకరోజు పొద్దున పదకొండింటికి, చేతిలో చాయ్ గ్లాసు ఉండగానే కుర్చీలో పక్కకు ఒరిగి ప్రాణం విడిచాడు.

ప్రభావతమ్మ నా షాపుకు వచ్చింది పోయిన ఆగస్టులో, ఒక ఆదివారం మధ్యాహ్నం.

ఆదివారం కాంప్లెక్సు మొత్తం బందు. పైన ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచేవాళ్లు మాత్రం ఉంటారు. ఆ రోజు వాన పట్టుకుని వాళ్లు కూడా పుస్తకాల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పి ఎటో వెళ్లిపోయారు. నేను షట్టరు సగం ఎత్తుకుని లోపల పాత పనులు ముగిస్తున్నాను. మెట్ల మీదుగా నీళ్లు దిగుతున్న చప్పుడు. సోల్డరింగ్ పొగ వాసన. తడిసిన సున్నం వాసన.

షట్టరు కింద నుంచి ఒక ముసలామె వంగి చూసింది. డెబ్బై దాటి ఉంటాయి. తలంతా తడిసింది గాని, గుండెలకు హత్తుకున్న గుడ్డసంచి మీద ఒక్క చుక్క పడలేదు.

"రాజమల్లు అంటే నువ్వేనా నాయనా?"

"ఔనమ్మా. ఇయ్యాల షాపు బందు. రేపు రాండ్రి."

"రేపటిదాకా ఆగేటట్టు లేదు. నాంపల్లి నుంచి వస్తున్న. బిచ్చయ్య నీ పేరు చెప్పిండు."

ఉస్తాద్ పేరు వినగానే లేచి స్టూలు వేశాను. ఎప్పుడో పాతరోజుల్లో చెప్పి ఉంటాడనుకున్నాను.

తువ్వాలులో చుట్టి తెచ్చింది. నల్లటి డబ్బా, రబ్బరు మీటలు. అక్షరాలు అరిగిపోయి, వాటి మీద గోళ్ల రంగుతో మళ్లీ రాసి ఉన్నాయి. మూత విప్పాను. లోపల చేపల వాసన గుప్పుమంది. కెపాసిటర్లు కారిపోతే ఆ వాసనే వస్తుంది. కాని నా చెయ్యి ఆగింది వాసనకు కాదు. సోల్డరింగ్ చూసి. తీగ కత్తిరించాక కొసను కొద్దిగా వంచి వదిలే అలవాటు మా ఉస్తాద్‌ది. బోర్డు నిండా ఆ వంకరలే. ఏళ్ల తరబడి ఈ మెషిన్ బాగు చేసుకుంటూ వచ్చాడు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

"ఆగిపోయి ఎన్ని రోజులైందమ్మా?"

"ఎనిమిది రోజులు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎనిమిది రోజులు చీకట్లనే ఉన్నరు పాపం."

"ఎవరు?"

"జల్ది చెయ్యి నాయనా."

రెండు కెపాసిటర్లు మార్చాను. ఒక మెమరీ చిప్పు చచ్చిపోయింది. అలాంటివి ఇప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో కూడా దొరకవు. నా దగ్గరున్న ఇంకో చెడిపోయిన మెషిన్ నుంచి ఊడదీసి వేశాను. బల్ల మీది చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించి స్విచ్ వేస్తే తెర తెల్లగా వెలిగింది. ఆమె సంచిలోంచి క్యాసెట్ తీసింది. దాని మీద చిన్నపిల్ల చేతిరాత, 'మా ఇల్లు' అని.

క్యాసెట్ ఎక్కడానికి ఐదు నిమిషాలు పడుతుంది. అంతసేపూ అది కీచుమని అరుస్తూనే ఉంటుంది. ఏళ్ల తరబడి వింటున్న అరుపే. ఆ రోజు మాత్రం, ఖాళీ సెల్లార్‌లో, ఎవరినో గొంతు పట్టుకుని అరిపిస్తున్నట్టు వినిపించింది.

తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట వచ్చింది.

నీ పేరు?

నేను మామూలుగానే నా పేరు కొట్టాను. ప్రభావతమ్మ నా భుజం వెనకే నిలబడి ఉంది. నా వేళ్లనే చూస్తూ ఉంది.

రాజమల్లు, మా ఇంటికి రా. ఏ గదిలోకి పోతవ్?

కింద ఏడు గదుల పేర్లు. వసారా, హాలు, వంటిల్లు, దేవుడి గది, చదువుకునే గది, మేడ మెట్లు, మేడ గది. పిల్లలు రాసుకునే ఆటే. 'హాలు' అని కొట్టాను.

ఇది హాలు. పెద్ద గడియారం ఉంది. నాన్న ఉన్నడు. పేపర్ చదువుతున్నడు.

బాగుంది, అనుకున్నాను. 'వంటిల్లు' అని కొట్టాను.

ఇది వంటిల్లు. రెండు పొయ్యిలు ఉన్నయి. బిచ్చయ్య ఉన్నడు.

వెనక్కి తిరిగి చూశాను. ప్రభావతమ్మ ముఖంలో ఆశ్చర్యం లేదు. ఎనిమిది రోజుల తర్వాత ఊపిరి తీసుకున్న మనిషిలా ఉంది.

"పలకరియ్యి," అంది మెల్లగా. "మాట్లాడుతడు."

'ఉస్తాద్' అని కొట్టాను. కర్సరు ఆరుతూ వెలుగుతూ ఉంది... చాలాసేపు.

మల్లిగా. చిప్పు ఎక్కడిది ఏసినవ్ రా. వేడెక్కుతుంది జర చూడు.

విప్పి ఉన్న బోర్డు మీద, నేను కొత్తగా వేసిన చిప్పు మీద వేలు పెట్టాను. చుర్రుమంది. వేలి మీద బొబ్బ లేచింది.

ఆ బొబ్బను చూసుకుంటూ కూర్చున్నాను. పైన వాన పెరిగింది. అప్పుడే కరెంటు పోయింది.

టీవీ తెర ఒక చుక్కగా ముడుచుకుని ఆరిపోయింది. కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. పక్కనే ప్రభావతమ్మ గొంతు, గుసగుసగా.

"ఉజ్వలా... భయపడకు బిడ్డా... వస్తది, ఇప్పుడొస్తది..."

కరెంటు పది నిమిషాలకు వచ్చింది. క్యాసెట్ మళ్లీ మొదటి నుంచి ఎక్కించాం. ఈసారి పేరు అడిగినప్పుడు ఆమె నన్ను జరగమని, తన వేలితో 'అమ్మ' అని కొట్టింది. ఏ గదీ అడగకముందే తెర మీద అక్షరాలు పడ్డాయి.

అమ్మా లైటు ఎందుకు తీసినవ్. చీకట్ల ఇంకోళ్లు ఉంటరు.

*

ఆ సాయంత్రం ఆమె నాకు అంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ తెర వైపే చూస్తూ ఉంది.

ముప్పై అయిదేళ్ల కిందట ప్రభావతమ్మ నాంపల్లిలో ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. భర్త శ్రీపతి లక్డీకాపూల్‌లో ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఒక్కతే కూతురు ఉజ్వల. పదమూడేళ్ల పిల్ల. తండ్రి ముచ్చటపడి కొన్న కంప్యూటర్ మీద, సెలవుల్లో కూర్చుని స్టేషన్ వెనక ఉన్న తమ ఇంటిని గది గదిగా రాసింది. రాయడం అయిన వారానికి మెదడు జ్వరం. దవాఖానలో మూడో రోజు ప్రాణం పోయింది.

"అన్నీ ముగించుకుని ఇంటికొచ్చినం. ఆ హడావిడిల మెషిన్ ఎవరూ బందు చెయ్యలే. మూడు రోజుల నుంచి గట్లనే నడుస్తుంది. తెర మీద ఒకటే లైను. 'అమ్మా, నేను హాల్ల ఉన్న. నువ్వు ఏ గదిల ఉన్నవ్?'"

అప్పటి నుంచి ఆమె దాన్ని ఆపలేదు. ఆగిపోతే బాగు చేయించింది. ఆ ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంటు కట్టారు. అదే జాగాలో మూడో అంతస్తులో ఫ్లాటు తీసుకుని అక్కడ పెట్టుకుంది. శ్రీపతి చనిపోయిన మర్నాడు హాల్లో కనబడ్డాడు. బిచ్చయ్య చనిపోయిన మర్నాడు వంటింట్లో. ఇద్దరూ ఎప్పుడో ఒకసారి మెషిన్ అడిగితే తమ పేరు కొట్టినవాళ్లే.

"ఎవరు పేరు కొడితే వాళ్లు సచ్చినంక పోతరా అమ్మా లోపలికి?"

ఆమె తెర మీది దుమ్మును కొంగుతో తుడిచింది.

"నేను కొడుతుంటే చూస్తనే ఉన్నరు గద. ఎందుకు ఆపలేదు?"

"నా తర్వాత దీన్ని చూసేటోడు ఉండాలె గద నాయనా," అంది. గొంతులో జాలి ఉంది. కానీ పశ్చాత్తాపం లేదు. "ఊకె చూడుమంటే ఎవరు చూస్తరు? లోపలికి పోయేటోడైతేనే చూస్తడు."

నాకు కోపం రావాలి. రాలేదు.

ఆమె పోయేలోపే క్యాసెట్‌ను లాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని, ఇంటికి పోయాక ప్రోగ్రాం లైను లైనుగా చదివాను. ఏడు గదులు, వాటిలో సామాన్లు. అంతే. మనుషుల గురించి అందులో ఒక్క లైను లేదు. లాప్‌టాప్ మీద నడిపిస్తే గడియారం ఉంది, పొయ్యిలు ఉన్నాయి. ఎవరూ లేరు. ఆ పాత డబ్బాలో నడిస్తేనే ఉంటారు.

ఇక చేసేదేముంది? ప్రతి ఆదివారం నాంపల్లి పోయేవాణ్ని. యూపీఎస్ పెట్టాను, దానికి రెండు బ్యాటరీలు. మీటల కింద ప్లాస్టిక్ పొర పగిలితే అతికించాను. చిప్పు మీద చిన్న ఫ్యాను బిగించాను. పని చేస్తున్నంతసేపూ ఉస్తాద్‌తో మాట్లాడేవాణ్ని. పక్కన కూర్చుని నేర్పినట్టే ఉండేది. ఒకసారి అడిగాను, లోపల ఎట్లుంటది అని.

లైటు ఉన్నంతసేపు ఇల్లే రా. లైటు పోతే ఇల్లు ఎంత పెద్దగుంటదో ఎరుకైతది.

ఆ తర్వాత ఇంకెప్పుడూ అడగలేదు. కాని ఒక సంగతి నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ చిప్పులు ఎల్లకాలం ఉండవు. ఒకటి పోతే ఇంకో చచ్చిన మెషిన్ నుంచి పీకి వేస్తాం. చచ్చిన మెషిన్లు కూడా అయిపోతాయి. మహా అయితే పదేళ్లు. తర్వాత ఆ ఇంట్లో ఉన్నవాళ్లందరికీ ఎప్పటికీ చీకటే. నాకు కూడా.

*

జనవరిలో, నుమాయిష్ ఎగ్జిబిషన్ జనంతో నాంపల్లి రోడ్లు కిక్కిరిసిపోయిన రోజుల్లో, ప్రభావతమ్మ బాత్రూంలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆమెను దవాఖానలో చేర్పించి, మెషిన్‌ను, టీవీని, బ్యాటరీలను వైర్లు ఊడకుండా ఆటోలో పెట్టుకుని షాపుకు తెచ్చాను. దారి పొడుగునా నా ఒళ్లో తెర వెలుగుతూనే ఉంది.

చూడ్డానికి పోతే నా చెయ్యి పట్టుకుంది.

"నా పేరు ఎన్నడూ కొట్టలేదు రాజమల్లూ. బిడ్డకు అమ్మనే గద అని ఎప్పుడూ 'అమ్మ' అనే కొట్టిన. నా పేరు కొట్టకుంటే నేను బిడ్డ దగ్గరికి పోలేను. నా వేళ్లతోనే కొట్టాలె."

"ఫికర్ చెయ్యకుండ్రి. ఇక్కడికి తెస్తే మెషిన్ లోపలికి రానియ్యరు. డిశ్చార్జి కాంగనే షాపుకు తీస్కపోత."

డిశ్చార్జి కాలేదు. నాలుగో రోజు పొద్దున నిమోనియాతో పోయింది. ఆమె తమ్ముడి కొడుకు సుశాంత్ వచ్చి కార్యం చేశాడు. కంప్యూటర్ సంగతి అతనికి తెలియదు. నేనూ చెప్పలేదు.

మర్నాడు ఏడు గదులూ వెతికాను. ఆమె లేదు.

పిల్ల అడగడం మొదలుపెట్టింది.

అమ్మ ఏది.

నేను ఏమీ కొట్టలేదు. పొద్దున షట్టరు ఎత్తేసరికి తెర నిండా అదే లైను, పైనుంచి కిందికి. రెండో రోజు కూడా. మూడో రోజు కూడా. పదకొండు రోజులు. ఉస్తాద్ మధ్యలో ఒకసారి మాట్లాడాడు.

పోరి ఏడుస్తుంది మల్లిగా. ఒక్క తీరు ఏడుస్తుంది. ఏమన్న చెప్పు.

నాకు పిల్లలు లేరు. తల్లి కోసం ఏడ్చే పిల్లకు ఏం చెప్పాలో తెలియదు. అందుకే ఆ పని చేశాను. తప్పని అప్పుడు అనిపించలేదు. ఆమె మాటతీరు నాకు తెలుసు, రోజుకు నాలుగు మాటలు ఆమెలా కొడితే పిల్ల ఊరుకుంటుంది కదా అనుకున్నాను. పేరు అడిగేది క్యాసెట్ ఎక్కినప్పుడే కాబట్టి మెషిన్ ఆపాను. ఐదు నిమిషాలు, క్యాసెట్ ఎక్కినంతసేపే. లైటు తీస్తున్నానని ముందే చెప్పాను కూడా.

నీ పేరు?

'అమ్మ' అని కొట్టాను.

ఎప్పుడూ వెంటనే వచ్చే జవాబు రాలేదు. కర్సరు ఆరింది... వెలిగింది... ఆరింది. సెల్లార్‌లో మిగతా షాపులన్నీ తెరిచే ఉన్నాయి. పక్క షాపులో మొబైల్ కవర్లు అమ్మే ఎల్లేష్ ఎవరితోనో ఫోన్లో నవ్వుతున్నాడు. నేను బల్ల నుంచి కొద్దిగా వెనక్కి జరిగాను.

అమ్మ, మా ఇంటికి రా.

ఆ తర్వాత మీటలు పనిచేయలేదు. ఏది నొక్కినా తెర మీద పడలేదు. కాసేపటికి పిల్ల రాసింది.

అమ్మ వచ్చింది.

ఏడుపు ఆగిపోయింది. నేను గుండెల మీద చెయ్యి వేసుకున్నాను. సాయంత్రానికి మీటలు పనిచేశాయి. వంటింట్లోకి పోయాను.

మల్లిగా. ఎవర్ని పంపినవ్ రా.

'నేనే ఉస్తాద్. టీచరమ్మ లెక్క మాట్లాడుదామని' అని కొట్టాను.

నువ్వు కాదు. టీచరమ్మ కాదు. చీకట్ల ఉండేదేదో నువ్వు కొట్టిన పేరు పట్టుకొని లోపలికొచ్చింది. పొయ్యి దిక్కు తిరిగి నిలబడ్డది. మొకం చూపిస్తలేదు.

'మెషిన్ ఆపి మళ్లీ ఎక్కియ్యాల్నా?'

వద్దు. వద్దు. చీకట్ల మమ్ముల ఆమెతోని ఉంచకు.

రెండో రోజు హాల్లో గడియారం ఉంది. శ్రీపతి లేడు. పేపర్ ఉంది, అని మాత్రం ఉంది. మూడో రోజు ఉస్తాద్ మేడ గదిలో ఉన్నాడు. మేడ గదిలో ఆయనను ఎప్పుడూ చూడలేదు నేను.

తలుపు పెట్టుకున్న. పోరి కింద ఆమె ఒళ్లో కూసున్నది. పిలిస్తే వస్తలేదు. అమ్మనే అంటుంది.

'ఉస్తాద్, నేనేం చెయ్యాలె?'

ఏం చెయ్యొస్తది మల్లిగా.

అదే ఆయన ఆఖరి మాట. నాలుగో రోజు మేడ గదికి పోతే, 'ఇది మేడ గది. తలుపు తెరిచి ఉంది' అని వచ్చింది. మళ్లీ మళ్లీ పిలిచాను. ఏడు గదుల్లోనూ పిలిచాను. పదహారేళ్ల పిల్లగాడిలా బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆయన రెండోసారి పోయాడు, ఈసారి పంపింది నేనే.

ఆపితే చీకటి. ఆపకపోతే ఇది. నా పేరు ఆ ఇంట్లో ముందే రాసి ఉంది. ఎప్పుడు పోయినా నేను చేరేది అక్కడికే. ఇది ఎవరికి చెప్పుకోను? ఎల్లేష్‌కు చెబితే, "అన్నా, నాలుగు రోజులు ఊరికి పోయి రా" అన్నాడు. ఊరికి పోతే బ్యాటరీలు ఎవరు మారుస్తారు?

ఇది రాస్తున్నది మార్చి నెలలో. ఇవాళ మధ్యాహ్నం రెండున్నరకు పిల్ల చాలా రోజుల తర్వాత మాట్లాడింది.

అమ్మ అడుగుతుంది. రాజమల్లు ఎవరు అని.

నేను మీటల మీది నుంచి చెయ్యి తీసేశాను.

మంచోడు అని చెప్పిన.

కర్సరు ఆరింది. వెలిగింది.

యాడ ఉంటడు అని అడుగుతుంది.

'చెప్పకు బిడ్డా' అని కొట్టాను. తప్పులు దిద్దుకోకుండా, రెండుసార్లు కొట్టాను. నిమిషం... రెండు నిమిషాలు...

చెప్పిన.

అంతే. ఆ తర్వాత గది గదికీ పోయి చూశాను. వసారాలో ఎవరూ లేరు. హాల్లో ఎవరూ లేరు. వంటింట్లో ఎవరూ లేరు. ఏ గదిలోనూ ఎవరూ లేరు. పిల్ల కూడా లేదు.

నీళ్లు తాగుదామని లేచి గడప దాకా పోయాను. ఎల్లేష్ షాపు మూసుకుని భోజనానికి పోయినట్టున్నాడు. సెల్లార్‌లో ఎవరూ లేరు.

నా షట్టరు ముందు ఒక జత ఆడవాళ్ల చెప్పులు విడిచి ఉన్నాయి. పక్కనే ఇంకో జత, చిన్నపిల్లవి. రెండు జతలకూ బురద, ఇంకా తడిగా ఉంది. సిటీలో వాన పడి రెండు నెలలు దాటింది.

చెప్పుల మొనలు లోపలి వైపుకు ఉన్నాయి.